పదహారేళ్ల కుర్రాడి ఒంటరితనం మీద సినిమా తీయాలంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ముందు చెప్పేస్తాను. మీది గుంటూరు. రెండు షార్ట్ ఫిలిమ్స్ తీశారు. ఇప్పుడు గంటన్నర సినిమాకు స్క్రిప్టు రాసుకున్నారు. నరసరావుపేట దగ్గరి పల్లె నుంచి ఒక కుర్రాడు పదో తరగతి పాసై, ఎంపీసీ చదవడానికి విజయవాడలో హాస్టల్ ఉన్న కాలేజీలో చేరతాడు. అక్కడ రెండేళ్లు ఉంటాడు. అంతే. చదివిన స్నేహితులు "ఇందులో కథేముంది?" అంటున్నారు. డబ్బు పెడతానన్న ఆయనేమో చివర్లో కుర్రాడు చనిపోతే జనం ఏడుస్తారు, పేరొస్తుంది అంటున్నారు. ఒంటరితనాన్ని తెర మీద ఎలా చూపించాలి, ఎవరితో చేయించాలి, ముగింపు ఏం చేయాలి, ఉన్న కాస్త డబ్బును దేని మీద పెట్టాలి అని అడిగారు.

నేను ఎడిటర్‌ని. చిన్న సినిమాలే ఎక్కువ చేశాను, వాటిలో ఈ వయసు పిల్లల కథలు చాలానే ఉన్నాయి. ఇంటర్ నేనూ హాస్టల్లోనే చదివాను. అందుకే ఈ జవాబు కాస్త పొడుగవుతుంది.

మీ దగ్గర కథ ఉంది. స్నేహితులకు కనబడకపోవడానికి కారణం, మీ కుర్రాడికి ఏం కావాలో స్క్రిప్టులో ఎక్కడా లేకపోవడం. అతను బాధగా ఉంటాడు, కిటికీలోంచి చూస్తాడు, టెర్రస్ మీద కూర్చుంటాడు, వర్షంలో తడుస్తాడు. ఇవన్నీ ఆ కుర్రాడు ఎలా ఉన్నాడో చెబుతున్నాయి తప్ప ఏం చేయాలనుకుంటున్నాడో చెప్పవు. ఒకడు దిగులుగా ఉండటాన్ని ప్రేక్షకుడు పది నిమిషాలు చూస్తాడు. ఏదో ఒకటి సాధించుకోవాలని తంటాలు పడుతుంటే మాత్రం గంటన్నర చూస్తాడు. ఆ కావలసింది పెద్దది కానక్కర్లేదు. చిన్నదైతేనే మంచిది.

ఒకటి నేనే ఇస్తాను, నచ్చితే వాడుకోండి. హాస్టల్లో పిల్లల దగ్గర సెల్‌ఫోన్ ఉండనివ్వరు. ఆదివారం వార్డెన్ ఫోన్ నుంచి ఇంటికి మాట్లాడిస్తారు. మనిషికి కొన్ని నిమిషాలు. వెనకాల లైను. లైన్లో ఉన్నవాళ్లందరికీ మాట వినిపిస్తుంది. మీ కుర్రాడికి కావలసింది ఒక్కటే: ఎవరూ వినకుండా అమ్మతో ఒక్కసారి మాట్లాడాలి. అంతే. వాళ్లమ్మ "తిన్నావా?" అంటుంది, వీడు "ఆ" అంటాడు. "బాగా చదువుతున్నావా?" "ఆ." "ఏమన్నా కావాలా?" "ఏం వద్దు." వెనక నుంచి ఎవడో "ఒరేయ్, తొందరగా రా" అంటాడు. ఫోన్ పెట్టేస్తాడు. ఈ సీను సినిమాలో నాలుగైదు సార్లు వస్తుంది. ప్రతిసారీ మాటలు ఇవే. మారేది మనకు తెలిసిన సంగతి. మొదటిసారి మనకు ఏమీ తెలియదు. రెండోసారి ఆ వారం వీడి ర్యాంకు పడిపోయి కింది సెక్షన్‌కు మార్చారని తెలుసు. మూడోసారి వీడు రెండు రోజులుగా జ్వరంతో ఉన్నాడని తెలుసు. అప్పుడు కూడా "బానే ఉన్నా" అంటాడు. ఏడుపు, కేకలు, సంగీతం ఏవీ అక్కర్లేదు. వాడు చెప్పనిదంతా ప్రేక్షకుడు మనసులో చెప్పుకుంటూ ఉంటాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన ఊళ్లలో ఒంటరిగా ఉన్న పిల్లవాడు ఎప్పుడూ ఒంటరిగా కనబడడు. గదిలో రెండంతస్తుల మంచాలు, క్లాసులో ఇరుక్కుని కూర్చున్న పిల్లలు, మెస్సులో లైను, స్నానాల గదుల దగ్గర బకెట్లతో మళ్లీ లైను. ఇంట్లో ఉన్నా అంతే. పక్క గదిలో టీవీ మోగుతుంటుంది, నాయనమ్మ పిలుస్తుంటుంది, చుట్టాలొస్తుంటారు. ఖాళీ గదిలో ఒక్కడే కూర్చుని ఆకాశం చూసే కుర్రాడు వేరే దేశపు సినిమాల్లోంచి వచ్చినవాడు. మన పిల్లలకు ఒక్కరే కూర్చోవడానికి చోటు ఎక్కడుంది? కాబట్టి మీ కెమెరా జనం మధ్యలో ఉండాలి. చుట్టూ మనుషులు ఉండాలి, వాళ్లు నవ్వుతుండాలి, అరుస్తుండాలి. వాడి ర్యాంకు, సెక్షను, సబ్జెక్టుల వారీ మార్కులు అందరికీ తెలిసుండాలి. వాడికి దేనికి భయం, దేనికి నవ్వు వస్తుందో మాత్రం ఒక్కరికీ తెలియకూడదు.

మెస్సు సీను ఒకటి ఊహించండి. వాడు చేరి నాలుగో రోజు. కంచంలో అన్నం, సాంబారు పెట్టించుకుని వెనక్కి తిరుగుతాడు. బల్లలన్నీ నిండి ఉన్నాయి. ఎవరి గుంపు ఎక్కడ కూర్చోవాలో అప్పటికే కుదిరిపోయింది. వాడు కంచం పట్టుకుని అలా చూస్తూ నిలబడతాడు. రెండు సెకన్లు. మూడు సెకన్లు. తర్వాత ఏదో చోట కూర్చుంటాడు. ఆ రెండు మూడు సెకన్లే సీను. దగ్గరగా మొహం చూపించకండి, దూరం నుంచి నిలువెత్తు మనిషిని, చుట్టూ అంతమందిని కలిపి చూపించండి. ఎడిటింగ్‌లో నాకు ఎప్పుడూ వచ్చే ఇబ్బంది ఏమిటంటే డైరెక్టర్లు ఇలాంటి చోట క్లోజప్ మాత్రమే తీసుకొస్తారు. క్లోజప్‌లో వాడి మొహం కనబడుతుంది, వాడికి లేని చోటు కనబడదు.

ఇంకొక సంగతి, యాస. పల్నాడు నుంచి వచ్చినవాడు "ఏంది", "యాడికి" అంటే కృష్ణా జిల్లా పిల్లలు నవ్వుతారు. పిల్లలు కదా, నవ్వుతారు. కానీ నవ్వించుకున్నవాడు మాట తగ్గించేస్తాడు. మొదటి నెలలో గలగలా మాట్లాడినవాడు మూడో నెలకు ఒక్క మాటలో జవాబు చెప్పడం మొదలుపెడతాడు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు బెజవాడ మాట వాడి నోట్లోంచి వస్తే ఈసారి ఊళ్లో నవ్వుతారు. అటూ కాకుండా ఇటూ కాకుండా పోయిన పిల్లవాడిని దీనికన్నా తేలికగా చూపించే దారి నాకు తెలియదు. అందుకోసం డైలాగులు మీరే రాయకండి. ఆ ఊళ్ల పిల్లలను కూర్చోబెట్టి సందర్భం చెప్పండి, వాళ్లేమంటారో వినండి.

ఆదివారం సీను గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ స్క్రిప్టులో దాన్ని రెండు లైన్లలో దాటేశారు. హాస్టల్ కాలేజీల ముందు పేరెంట్స్ వచ్చే ఆదివారం ఎలా ఉంటుందో ఒకసారి వెళ్లి చూడండి. కానూరు, పోరంకి, ఎనికేపాడు, నిడమానూరు వైపు ఎక్కడైనా సరే. చెట్ల కింద, మెట్ల మీద, కాంపౌండ్ గోడ నీడన దుప్పట్లు, పేపర్లు పరుచుకుని కుటుంబాలు కూర్చుంటాయి. క్యారియర్లు విప్పుతారు. కోడికూర, పులిహోర, గోంగూర పచ్చడి, డబ్బాల్లో చెగోడీలు, సున్నుండలు. పదహారేళ్ల మగపిల్లాడికి తల్లి ముద్దలు కలిపి పెడుతుంటుంది, వాడు సిగ్గుపడుతూనే తింటుంటాడు. తండ్రి కాస్త పక్కకు జరిగి ర్యాంకు షీటు చూస్తుంటాడు. అరగంట అయ్యేసరికి మాటలు అయిపోతాయి. ఇంకా సమయం ఉంటుంది, కానీ ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియదు. పొద్దున్నే లేచి బస్సు మారి వచ్చిన తల్లి, వారమంతా ఎదురుచూసిన కొడుకు. మాటలు అయిపోయిన ఆ సమయాన్ని తీయండి. అక్కడ కట్ చేయకండి.

మీ కుర్రాడి వాళ్లు మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో స్క్రిప్టులో లేదు, ఉండాలి. కారణం మీ ఊరే ఇస్తుంది. జనవరి నుంచి వేసవి దాకా మిరప కోతలు. కూలీలు దొరికిన రోజు చేలో ఉండాలి, కాయ కల్లంలో ఆరుతుంటే కాపలా ఉండాలి, మబ్బు పడితే పట్టలు కప్పాలి, తర్వాత టిక్కీలు (మిర్చి బస్తాలు) తొక్కించి గుంటూరు యార్డుకు తోలాలి. ఆ నెలల్లో ఆదివారం అని ఒక రోజు రైతుకు ఉండదు. కాబట్టి వాళ్లమ్మానాన్నలు ప్రేమ లేక రాలేదని కాదు. వాడి ఫీజు కట్టాలంటే ఆ పంట అమ్ముడుపోవాలి, ఆ పంట దగ్గర ఉండాలంటే వాడిని చూడటానికి రాకూడదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. పక్క మంచం పిల్లాడి వాళ్లమ్మ వీడిని పిలిచి "రా నాన్నా, నువ్వూ తిను" అని కంచంలో కూర వేస్తుంది. వీడు వద్దంటాడు, ఆవిడ వినదు. వీడు తింటాడు. ఆ సీనులో వీడి మీద ఎవరూ కోప్పడలేదు, అవమానించలేదు. ప్రేమగా అన్నం పెట్టారు. అయినా వీడికి అది ఆ రెండేళ్లలో అన్నిటికన్నా కష్టమైన మధ్యాహ్నం. ఇది సరిగ్గా తీయగలిగితే మీ సినిమా నిలబడుతుంది.

ఎవరి తప్పూ లేదు అన్నాను కదా, అదే పట్టుకోండి. మీ స్క్రిప్టులో వార్డెన్ దుర్మార్గుడు, ప్రిన్సిపాల్ డబ్బు మనిషి, తండ్రి మొండివాడు. చదువుల ఒత్తిడి మీద మీకున్న కోపం నాకు అర్థమవుతుంది, నాకూ ఉంది. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఒక విలన్‌ని పెట్టగానే కథ వాడిని ఓడించడం గురించి అయిపోతుంది, మీ కుర్రాడి లోపల ఏం జరుగుతుందో వెనక్కి పోతుంది. వార్డెన్‌ని ఒక మనిషిగా రాయండి. అతనికీ ఎక్కడో ఊళ్లో భార్యాపిల్లలు ఉంటారు. రాత్రి పిల్లలందరినీ పడుకోబెట్టాక తన ఫోన్లో వాళ్లతో మాట్లాడతాడు. పిల్లల లైనుకు ఆదివారం ఇచ్చేది ఆ ఫోనే.

కుర్రాడు ఎదగడం ఎక్కడ జరగాలి అంటే నా లెక్కలో ఇక్కడే. సినిమా సగం దాకా మీ కుర్రాడు నన్నెవరూ పట్టించుకోవడం లేదని బాధపడుతుంటాడు. ఆ తర్వాత ఎక్కడో ఒకచోట వాడి కళ్లు పక్కకు తిరగాలి. వార్డెన్ ఒక్కడే కూర్చుని తినడం చూస్తాడు. పక్క మంచం వాడు దుప్పటి ముసుగేసుకుని ఏడవడం వింటాడు. అందుకే ఫోన్ సీన్లలో చివరిదాన్ని అవతలి వైపు నుంచి తీయమంటాను. అప్పటిదాకా మనం వాళ్లమ్మ గొంతు మాత్రమే విన్నాం, అదీ వాడికి వినబడినంతే. ఇప్పుడు కెమెరా ఊళ్లో ఉంది. ఆవిడ కల్లం దగ్గర ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడింది. చుట్టూ కోత కూలీలు, పక్కనే అత్తగారు. ఆవిడ వెనకాల కూడా వినేవాళ్లున్నారు. ఎంపీసీ అంటే ఏమిటో, జేఈఈ అంటే ఏమిటో తెలియని ఆవిడకు అడగడానికి ఉన్న ప్రశ్న "తిన్నావా" ఒక్కటే. ఇన్నాళ్లూ అందుకే అదే అడిగింది. ఈసారి కొడుకు తనే ఆవిడ నొప్పి గుర్తుచేసుకుని "మోకాలు ఎట్టా ఉందమ్మా?" అంటాడు. ఎవరూ వినని ఫోను వాడికి సినిమా మొత్తంలో దొరక్కపోయినా ఫర్వాలేదు.

ఇక కాలం గురించి. ఈ వయసు సినిమాలో అసలు స్పెషల్ ఎఫెక్టు పిల్లవాడి ఒళ్లే. గొంతు పగులుతుంది, నూగు మీసం వస్తుంది, ప్యాంటు పొట్టిదవుతుంది. పెద్ద సినిమాలు దీన్ని మేకప్‌తోనో ఇద్దరు నటులతోనో సర్దుకుంటాయి, ఎందుకంటే వాళ్లకు డేట్లు ముఖ్యం. మీకు ఆ బాధ లేదు. అమెరికాలో రిచర్డ్ లింక్‌లేటర్ ఒకే పిల్లవాడితో 2002 నుంచి 2013 వరకు ఏడాదికి కొన్ని రోజుల చొప్పున తీసి, 2014లో 'బాయ్‌హుడ్' విడుదల చేశాడు. మీరు పన్నెండేళ్లు ఆగనక్కర్లేదు. రెండు షెడ్యూళ్లు చేయండి. ఒకటి జూన్, జూలైల్లో, కాలేజీలో చేరిన రోజుల సీన్లు. రెండోది జనవరి, ఫిబ్రవరిలో, మిరప కోతల కాలంలో. పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లవాడిని ఎంచుకుంటే ఆ ఆరేడు నెలల్లో తేడా తెర మీద స్పష్టంగా కనబడుతుంది. మధ్యలో మీరు మొదటి షెడ్యూలు ఎడిట్ చేసుకుని, ఏం తక్కువైందో చూసుకుని, రెండోదాన్ని మళ్లీ రాసుకోవచ్చు. డబ్బు కూడా ఒకేసారి అక్కర్లేదు. పిల్లవాడి తల్లిదండ్రులతో ముందే కాగితం మీద రాసుకోండి. తీసిన ఫుటేజీ మూడు కాపీలు చేసి, కనీసం ఒకటి వేరే ఇంట్లో పెట్టండి.

గొంతు పగలడం అన్నాను కాబట్టి డబ్బింగ్ మాట వచ్చింది. దయచేసి డబ్బింగ్ చేయకండి. షూటింగ్ అయ్యాక ఆరు నెలలకు స్టూడియోలో నిలబెట్టి చెప్పిస్తే వాడి గొంతు అప్పటికే మారిపోయి ఉంటుంది. అదీగాక, ఈ వయసు పిల్లలు మాట మింగేస్తారు, మధ్యలో ఆపేస్తారు, ఊపిరి గట్టిగా పీలుస్తారు. సగం నటన అందులోనే ఉంది. సింక్ సౌండ్‌కు, అంటే షూటింగ్‌లోనే మాటలు రికార్డు చేయడానికి, డబ్బు పెట్టండి. కెమెరా మంచిది ఒకటి అద్దెకు దొరుకుతుంది, ఈ రోజుల్లో మధ్యరకం మిర్రర్‌లెస్ కెమెరా కూడా థియేటర్ తెరకు సరిపోయే బొమ్మ ఇస్తుంది. మంచి సౌండ్ రికార్డిస్టును మాత్రం కెమెరా ఖర్చు తగ్గించుకునైనా తెచ్చుకోండి.

సౌండ్‌తోనే ఒంటరితనం ఎక్కువ పలుకుతుంది. చాలామంది చేసేది, కుర్రాడు బాధపడే చోట చుట్టుపక్కల శబ్దాలన్నీ తీసేసి పియానో పెట్టడం. దానికి తలకిందులుగా చేయండి. వాడు బాధపడే చోట చుట్టూ శబ్దం పెంచండి. స్టడీ అవర్‌లో అందరూ ఒకేసారి బట్టీ పెడుతుంటే హాలంతా ఒక హోరు ఉంటుంది, విన్నారా? మాటలు వేరుగా తెలియవు. గంట మోగితే ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆ హోరులో వాడు పుస్తకం తెరిచి పెదాలు కదపకుండా కూర్చుంటే చాలు. హైవే పక్క హాస్టల్ అయితే రాత్రంతా లారీలు. దసరా రోజుల్లో గుడి మైకులు. జనరేటర్ మొదలవగానే గోడలు అదరడం. ఇవన్నీ విడివిడిగా రికార్డు చేసి తెచ్చుకోండి. ప్రతి లొకేషన్‌లో అందరినీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం ఊరికే ఆ గది శబ్దం తీసుకోండి, నాలాంటి ఎడిటర్ మీకు దండం పెడతాడు. ఫ్యాను టేక్‌లో ఆపేయండి, ఫ్యాను శబ్దం తర్వాత ఎడిటింగ్‌లో కలుపుకోవచ్చు. టేక్‌లో కలిసిపోయిన ఫ్యానును విడదీయడం చాలా కష్టం. సంగీతం అసలు లేకుండా మొదటి కట్ చేయండి. అది లేకపోతే నిలబడని సీను ఉందంటే ఆ సీనులోనే లోపం ఉందని లెక్క.

పిల్లవాడిని ఎలా వెతకాలి? స్కూల్ వార్షికోత్సవాల్లో ఏకపాత్రాభినయాలు చేసి కప్పులు గెలిచిన పిల్లలు మీకు ముందు కనబడతారు. వాళ్లు తెలివైనవాళ్లే, కానీ ప్రేక్షకుల వైపు తిరిగి చెప్పడం అలవాటైపోయి ఉంటుంది. మీకు కావలసింది వినగలిగే పిల్లవాడు. చేతికేదైనా పని ఇవ్వండి, ఊడిన సైకిల్ చైను వేయడమో, వైరు చిక్కు తీయడమో. అది చేస్తుండగా మాట్లాడించండి. పని మీద ధ్యాస పెట్టి, మీ మాటకు నిజంగా ఆలోచించి జవాబు చెప్పేవాడు మీ నటుడు.

ఫ్రాన్స్‌లో ట్రూఫో 1959లో తీసిన 'ఫోర్ హండ్రెడ్ బ్లోస్'లో ఒక సీను ఉంది. పిల్లవాడిని మానసిక నిపుణురాలు ప్రశ్నలడుగుతుంది. ఆవిడ కనబడదు, గొంతే వినిపిస్తుంది. కెమెరా మొత్తం పిల్లవాడి మీదే. జవాబులు కాగితం మీద రాసివ్వలేదు. ప్రశ్నలు అడిగించుకుని జ్యాఁ పియెర్ లియో అనే ఆ కుర్రాడు తన మాటల్లోనే చెప్పాడు. మీరు కూడా ఒక సీను అలా పెట్టుకోండి. మిగతా పాత్రలకు కొత్తవాళ్లను పెట్టడానికి భయపడకండి. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'లో చాలామంది విశాఖపట్నంలోని ఆ పేట మనుషులే, అంతకుముందు కెమెరా ముందు నిలబడనివాళ్లు. తెలుగు ప్రేక్షకుడు ఆ మొహాలను ఆదరించాడు. పేరెంట్స్ సీనుకు జూనియర్ ఆర్టిస్టులను తేకండి. నిజంగా పిల్లలను హాస్టల్‌కు పంపిన తల్లులను పిలవండి. క్యారియర్ ఎలా విప్పాలో వాళ్లకు నేర్పక్కర్లేదు.

పిల్లలతో షూటింగ్‌కు చట్టం ఉంది, తేలిగ్గా తీసుకోకండి. బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించారు, 2017లో నిబంధనలు వచ్చాయి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు నటించాలంటే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి, అంటే కలెక్టర్ ఆఫీసు నుంచి, తీసుకోవాలి. రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులకు మించి ఉండకూడదు. వాళ్ల సంపాదనలో కనీసం 20 శాతం జాతీయం చేసిన బ్యాంకులో పిల్లల పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. వాళ్ల చదువు ఆగకుండా చూడాలి. పద్నాలుగు దాటినవాళ్లకు కూడా మీ సెట్లో గంటలు ఇలాగే పెట్టుకోండి. ఒంటరితనం మీద సినిమా తీస్తూ ఒక పిల్లవాడిని పొద్దున్నుంచి రాత్రిదాకా ఎండలో నిలబెడితే ఆ సినిమాకు అర్థం లేదు.

ఎండ గురించి ఒక మాట. విజయవాడ పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కాబట్టి మే మొదటి వారంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. కనుబొమ్మల కింద, ముక్కు కింద నల్లటి నీడలు పడతాయి, మొహం పాడవుతుంది. వేసవి సెలవుల్లో భవనాలు ఖాళీగా దొరుకుతాయని మే నెల పెట్టుకుంటే, బయటి సీన్లు పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత. మధ్యాహ్నం లోపలి సీన్లు.

ఊరిని ఎలా చూపించాలని కూడా అడిగారు. ప్రకాశం బ్యారేజీ మీద డ్రోను షాటుతో మొదలుపెట్టకండి. ఆ కుర్రాడు బ్యారేజీని పైనుంచి ఎప్పుడూ చూడలేదు. హాస్టల్ పిల్లవాడికి విజయవాడ అంటే బస్సు కిటికీలోంచి కనబడ్డంతే, ఔటింగ్ ఇచ్చిన రోజు నడిచినంతే. పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో దిగడం, అక్కడి హడావుడి, వెనక్కి వెళ్లే నాన్న బస్సు నంబరు. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపులు. అక్కడ వాడొక ఫిజిక్స్ పుస్తకం కొంటాడు. లోపల వేరెవరి పేరో ఉంటుంది, పక్కన అంచుల్లో పెన్సిల్‌తో రాతలు, "ఇది రాదు", "మళ్లీ చూడాలి", ఒకచోట క్రికెట్ స్కోరు. ముందెవడో ఇదే అధ్యాయం దగ్గర ఇలాగే ఇరుక్కున్నాడని వీడికి తెలుస్తుంది. ఊరు కథలోకి రావాల్సింది ఇలా. గుంటూరులో అయితే మిర్చి యార్డు నుంచి వచ్చిన నాన్న చొక్కాకు అంటుకున్న ఘాటు. వాడు దగ్గరకు రాగానే తుమ్ముతాడు, ఇద్దరూ నవ్వుతారు. ఆ నవ్వు మీ సినిమాకు కావాలి. స్క్రిప్టు మొత్తంలో మీ కుర్రాడు ఒక్కసారీ నవ్వలేదు. హాస్టల్లో ఎంత దిగులున్నా కరెంటు పోయిన రాత్రి అందరూ కలిసి అరిచే అరుపులో ఒక సంతోషం ఉంటుంది. అది లేని సినిమా అబద్ధం.

ఇక ముగింపు. డబ్బు పెట్టే ఆయనకు మర్యాదగానే, గట్టిగా చెప్పండి, కుర్రాడు చనిపోడు అని. ఇది నా అభిరుచికి సంబంధించిన విషయం మాత్రమే అయితే ఇంత పట్టుబట్టను. మీ సినిమా చూసేవాళ్లలో అదే వయసు, అదే హాస్టల్, అదే బాధలో ఉన్న పిల్లలు ఉంటారు. తెర మీద చావును సమస్యకు జవాబుగా, తల్లిదండ్రులకు బుద్ధి వచ్చే సంఘటనగా చూపిస్తే ఆ పిల్లల్లో కొందరి మీద దాని ప్రభావం ప్రమాదకరంగా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సినిమా, నాటకం వాళ్ల కోసమే ప్రత్యేకంగా సూచనలు ఇచ్చింది: ఆత్మహత్యను, చేసుకున్న పద్ధతిని చూపించవద్దని, కష్టాన్ని తట్టుకుని బయటపడిన మనుషులను చూపించమని, సాయం దొరుకుతుందని తెలియజేయమని, రాసేటప్పుడు నిపుణులను సంప్రదించమని. అదే ఏడాది నెట్‌ఫ్లిక్స్ తన సీరీస్ ఒకదానిలో అలాంటి సీనును విడుదలైన రెండేళ్ల తర్వాత తొలగించింది. మీ కథలో ఎవరైనా ఆ ఆలోచన దాకా వెళితే, ఒక మానసిక వైద్యుడికి స్క్రిప్టు చదివించండి. మానసిక ఇబ్బందుల్లో సాయం చేసే టెలి మానస్ ఫోన్ నంబరు 14416ను కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, ఉచితం, ఎప్పుడైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. దాన్ని చివరి టైటిల్స్‌లో పెట్టడం కన్నా, హాస్టల్ నోటీసు బోర్డు మీద మెస్ మెనూ పక్కన ఉంచి రెండు మూడు సీన్లలో కనబడనివ్వండి.

వాడికి ర్యాంకు వచ్చిందా లేదా అన్నదీ ముగింపు కాదు. ఫలితాల రోజుకు ముందే ఆపేయమని నా సలహా. పరీక్షలు అయిపోయాయి, ట్రంకు పెట్టె సర్దుకున్నాడు, నాన్న వచ్చాడు. కింద కొత్తగా చేరడానికి వచ్చిన పిల్లలు ఉన్నారు. ఒకడు కంచం పట్టుకుని నిలబడి చోటు వెతుక్కుంటున్నాడు. మీ కుర్రాడు పక్కకు జరుగుతాడా, లేక చూసీ చూడనట్టు వెళ్లిపోతాడా? రెండూ నిజమే. మీ కుర్రాడు ఎలాంటివాడో మీకే తెలియాలి, నేను చెప్పలేను.

మిగతావి త్వరగా చెబుతాను. రాష్ట్రంలో బహిరంగ ప్రదేశాల్లో షూటింగ్ అనుమతులకు ఆంధ్రప్రదేశ్ చలనచిత్ర, టీవీ, నాటకరంగ అభివృద్ధి సంస్థను అడగండి. రైల్వే స్టేషన్, రైలు లోపల తీయాలంటే రైల్వే వాళ్ల అనుమతి, ఫీజు వేరు. గుంటూరు-విజయవాడ ప్యాసింజర్ రైలు సీను మీకు చాలా ఇష్టమని రాశారు కానీ, డబ్బు తక్కువైతే దాన్నే బస్సులోకి మార్చండి, పోయేదేమీ లేదు. ఎడిటింగ్, కలర్ రెండూ డావిన్చీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో చేసుకోవచ్చు. థియేటర్లో వేయాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, దాని ప్రాంతీయ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. 2023 చట్ట సవరణ తర్వాత యూఏ సర్టిఫికెట్‌ను 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు. మీ సినిమా పదమూడేళ్ల పిల్లలు చూడగలిగేలా ఉండాలని నా కోరిక. గోవాలో నవంబరులో ఇఫీ (భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం)తో పాటు జరిగే సినిమాల సంత ఫిల్మ్ బజార్‌కు (ఇప్పుడు వేవ్స్ ఫిల్మ్ బజార్ అంటున్నారు), హిమాచల్‌ప్రదేశ్‌లోని ధర్మశాల ఊళ్లో 2012 నుంచి స్వతంత్ర సినిమాల కోసం జరుగుతున్న చిత్రోత్సవానికి పంపండి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ తెలుగు యాస తెలిసినవాళ్లతో రాయించండి.

చిత్రోత్సవాలకు పంపేముందు ఇంకొక పని. మొదటి కట్ అవగానే సినిమా మిత్రులకు కాకుండా ఇంటర్ చదువుతున్న పదిపదిహేను మందికి చూపించండి. చూసేటప్పుడు తెరను కాదు, వాళ్లను గమనించండి. ఎక్కడ కదిలారు, ఎక్కడ పక్కవాడి వైపు చూసి నవ్వారు, ఎక్కడ నిశ్శబ్దమయ్యారు అన్నది రాసుకోండి. అయ్యాక "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అనే అంటారు. "ఇందులో ఏది అబద్ధం?" అని అడగండి, మెస్సులో సాంబారు రంగు దగ్గర్నుంచి అన్నీ చెబుతారు.

ముందుగా ఫోను సీను, ఆదివారం సీను మళ్లీ రాసి ఇక్కడే పెట్టండి. డైలాగులు తక్కువగా, ఎవరు ఎక్కడ నిలబడ్డారో వివరంగా రాయండి. చదివి ఎక్కడ కట్ పడుతుందో, ఎక్కడ ఆగాలో చెబుతాను.